చిత్రాంగద నాట క్రీడాచార్య – ఓయినాం బెంబెం దేవి

మహాభారతకథ నెరిగినవారికి మణిపురమను పేరు క్రొత్తది కాదు. తీర్థయాత్రకు వెడలిన అర్జునుడు ఆ పురమున చిత్రవాహనుని కూతురగు చిత్రాంగదను చూచి వరించెను. తన వంశమున తరమునకు ఒక్క సంతానమే కలుగుననియు, తనకు ఆడుబిడ్డ కలుగుటచే ఆమెనే పుత్రస్థానమున నుంచుకొంటిననియు, ఆమెకు పుట్టినవాడు తన వంశమునకే చెందవలయుననియు ఆ రాజు నియమము పెట్టెను. అట్లు పుట్టిన బభ్రువాహనుడే తరువాత తండ్రియగు అర్జునుని యుద్ధమున గెలిచినవాడు. భారతమందలి మణిపురము కళింగము దాటిన పిమ్మట సముద్రతీరమున నున్నట్లు చెప్పబడుటచే, అది నేటి మణిపురము కాదని కొందరు పండితుల వాదము. ఆ వివాద మెట్లున్నను, ఈశాన్యమున కొండల నడుమ నున్న నేటి మణిపురమువారిలో పెక్కురు చిత్రాంగదను తమ యాడుపడుచుగానే ఎంచుకొందురు. కూతురు కొడుకు స్థానమున నిలువవలసివచ్చిన ఆ కథ మన కాలమున, ఆ నాటనే, మరియొక రీతిగా జరిగినది. దాని నాయిక ఓయినాం బెంబెం దేవి.

మణిపురి స్త్రీలు ఇంటి గడపకు పరిమితమైనవారు కారు. ఇంఫాలు నగరమున ‘ఇమా కైతేల్’, అనగా తల్లుల అంగడి, కలదు. అందు అమ్మువారందరును స్త్రీలే. 1904లో తెల్లదొర బంగళాను తిరిగి కట్టుటకు మగవారిని వెట్టికి పట్టగా ఎదిరించినవారును, 1939లో తిండికి కరవైన వేళ బియ్యము పైనాడులకు తరలిపోవుటను అడ్డగించినవారును ఆ స్త్రీలే. ఇక ఆటలందందురా, నేడు లోకమంతటను ఆడబడుచున్న పోలో క్రీడకు పుట్టినిల్లు ఆ రాష్ట్రమే. అట్టి నేలపై సైతము ఆడుపిల్ల బంతి తన్నుట మొదట సులభము కాలేదు.

బెంబెం దేవి 1980వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన ఇంఫాలులో జన్మించెను. ఎనిమిదవ యేట, 1988లో, ఫుట్‌బాలు సాధన మొదలిడెను. ఆడుటకు జతగా దొరకినవారు మగపిల్లలే. తన పేరు చెప్పినచో గుట్టు బయటపడునని, బోబో యనియు ఆమ్కో యనియు మగపేళ్లు పెట్టుకొని వారితో కలిసి ఆడెను. పూర్వము చిత్రాంగదను పుత్రస్థానమున నుంచినవాడు తండ్రి. ఈ బాలిక ఆ వేషమును తనకు తానే వేసికొనవలసివచ్చెను.

1991లో పదమూడేండ్లలోపు బాలికల మణిపురి జట్టున ఆమెకు చోటు దొరకెను. 1995లో, పదునైదవ యేటనే, గువామ్ జట్టుపై భారతదేశము పక్షమున ఆడెను. ఆమె స్థానము మైదానపు నడిమిభాగము. అచట ఆడువారు వెనుకనుండి వచ్చిన బంతి నందుకొని, ముందున్నవారిలో ఎవరికి వీలున్నదో చూచి అందింపవలయును. గోలు వేసినవారి పేరు జనుల నోట నిలుచును. దానికి దారి చేసినవారిని తెలిసినవారే తలతురు. తానెత్తుటకన్న నొరులనెత్తు గుణము ఆచార్యత్వమునకు తొలి మెట్టు గదా! 2001లో అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెను ఆ యేటి ఉత్తమ క్రీడాకారిణిగా గౌరవించెను. 2002లో మన హైదరాబాదున జరిగిన జాతీయ క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన మణిపురి స్త్రీల జట్టులో ఆమెయు నుండెను.

ఇక ఆమె జీవితపు పద్దులలో ఖర్చువైపు చూడవలసియున్నది. భారత స్త్రీల జట్టు 1980వ సంవత్సర ప్రాంతమున, మరల 1983లో, ఆసియా పోటీలయందు రెండవ స్థానము పొందిన జట్టు. అట్టి జట్టు క్రమముగా ఆదరణ తప్పి, పదునెనిమిది నెలలకు పైగా ఒక్క అంతర్జాతీయపు పోటీయైన ఆడకపోవుటచే, 2009లో ప్రపంచసమాఖ్యయగు ఫిఫా తన పట్టికనుండి దాని పేరు తొలగించెను. అప్పటికి బెంబెం దేవికి ఇరువదితొమ్మిదేండ్లు. కృషీవలునకు కోతకాలమెట్టిదో క్రీడాకారులకు ఆ వయస్సట్టిది. పంట చేతికి వచ్చిన వేళ కళ్లము లేదన్న చందమాయెను. ఆ దినములు తిరిగి జమకు వచ్చునవి కావు.

అయినను ఆమె బంతి విడువలేదు. 2010లో ఢాకా నగరమున దక్షిణాసియా క్రీడలలో భారతజట్టు స్వర్ణము గెలిచెను. 2013లో ఉత్తమ క్రీడాకారిణి గౌరవము ఆమెకు రెండవమారు లభించెను. 2014లో మాల్దీవుల న్యూ రేడియంట్ జట్టున చేరి ఆడెను. 2016లో షిల్లాంగున మరల దక్షిణాసియా స్వర్ణము గెలిచిన పిమ్మట దేశపు జట్టునుండి విరమించెను.

ఇచట ఒక లెక్క గమనింపదగినది. మన దేశమున పురుషులకు జాతీయ ఫుట్‌బాలు లీగు 1996లో ఏర్పడెను. స్త్రీలకు అట్టి లీగు తుదిదశ పోటీలు మొదటిసారి జరిగినది 2017లో. నడుమ గడచిన ఇరువదియేండ్లును ఆమె దేశమునకు ఆడిన కాలమే. తనకు లేని పందిరి క్రింద ఆమె ఇతరులను నిలిపెను. ఆ తొలి లీగులో ఇంఫాలు నగరపు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియను జట్టును తీర్చి నడిపినది బెంబెం దేవియే. 2017 ఫిబ్రవరి 14వ తేదీన ఢిల్లీలో ఆ బాలికలు ఒరిస్సా జట్టగు రైజింగ్ స్టూడెంట్సును మూడు గోళ్లకు సున్నగా ఓడించి తొలి విజేతలైరి.

ఆ యేడే ఆమెకు అర్జున పురస్కారము లభించెను. 1983లో శాంతి మల్లిక్ పొందిన పిమ్మట ముప్పదినాలుగేండ్లకు గాని మరియొక ఫుట్‌బాలు క్రీడాకారిణికి ఆ గౌరవము దక్కలేదు. నాడు మణిపురమునకు అర్జునుడు వచ్చెను. నేడు అర్జునుని పేరిటి బిరుదము మణిపురి పడుచును వెదకికొని వచ్చెను. 2020లో భారతప్రభుత్వము పద్మశ్రీతో సత్కరించెను.

2025 జూలై 5వ తేదీన చియాంగ్ మాయి నగరమున భారత స్త్రీల జట్టు థాయిలాండును రెండు గోళ్లకు ఒకటిగా గెలిచి, అర్హతపోటీల మూలమున ఆసియా కప్పునకు తొలిసారి చేరెను. ఆ జట్టున మణిపురి యువతులు పలువురు గలరు. వారెవరికిని బోబో యనియు ఆమ్కో యనియు చెప్పుకొనవలసిన పని లేకపోయెను. గెలిచిన పతకములకన్న గురువునకు ఇది యెక్కువ ఫలము.

ఆడుపిల్ల తన పేరు తాను నిర్భయముగా చెప్పి మైదానమున అడుగిడగలుగుట చిన్న సంగతిగా తోచవచ్చును. ఆ చిన్న సంగతికి ఒక స్త్రీ తన జీవితమున ముప్పదియేండ్లు వెచ్చించినది. ఏ యూరనైనను ఆటస్థలపు గట్టున నిలిచి చూచుచున్న బాలికను చూచినపుడు, పెద్దలు ఈ లెక్కను ఒకమారు తలచుకొందురు గాక.