కుసుంబ పూవు: రంగు కుండలోనూ, మందు చెంబులోనూ

మన సమాఖ్య వార్షికోత్సవ సంచికలో కులం పుట్టుక గురించి, చౌడేశ్వరమ్మ జాతర గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము ఒక పూవు గురించి రాస్తున్నాం. దాన్ని కుసుమ అంటారు, కుసుంబ అంటారు, మన కోలారు జిల్లాలో కన్నడంవాళ్ళు కుసుబె అంటారు. ఇప్పుడు ఆ పేరు చెప్తే అందరికీ నూనె డబ్బానే గుర్తొస్తుంది. నేతపని ఇళ్ళలో మాత్రం అది మొదట రంగు, తరవాత మందు. నూనె సంగతి ఆ తరవాతే.

నూనె అంటే ఒక మాట. చరక సంహితలో చెట్ల నూనెలన్నిట్లో కుసుంబ నూనె తక్కువ రకమని చెప్పారు. ఇప్పుడేమో గుండెకు మంచిదని డబ్బామీద బొమ్మ వేసి అమ్ముతారు. కాలం అట్లా మారుతుంది.

మన బంగారుపేట, ములబాగలు, మాలూరు పక్క అంతా ఎర్రనేల, రాగి చేలు. కుసుమకు నల్లరేగడి కావాలి. వానలు వెనకబట్టినాక విత్తితే, నేలలో ఉన్న తేమతోనే చలికాలమంతా నిలబడి పండుతుంది. బిజాపురం, కలబురగి, రాయచూరు దాని పుట్టిళ్ళు. తెలుగు నాట కర్నూలు రేగళ్ళలో, తెలంగాణలో తాండూరు, జహీరాబాదు వైపు వేస్తారు. చెట్టు నిండా ముళ్ళు. పూవు పసుపుగా విచ్చి, వాడిపోయే ముందర ఎరుపు తిరుగుతుంది. అప్పుడు రేకులు గిల్లుకుంటే గింజకు నష్టం లేదు. గింజ అప్పటికే లోపల పట్టి ఉంటుంది. ఒకే చెట్టున రేకూ గింజా రెండూ దక్కుతాయి, కానీ ఆ ముళ్ళల్లో చెయ్యిపెట్టి గిల్లే కూలి ఎవరిస్తారు? అందుకే రేకు ఎప్పుడూ ఖరీదే.

రంగు తీసే పద్ధతి మాకు ఒక ముసలి అద్దకంవాడు చెప్పాడు. వినేవాళ్ళకు వింతగా ఉంటుంది. కుసుంబ రేకులో రెండు రంగులు ఉన్నాయి. ఒకటి పసుపు, అది నీళ్ళలో పోయేది, పనికిమాలింది. రెండోది ఎరుపు, అది నూటికి ఒక పాలు కూడా ఉండదు, నీళ్ళలో కరగదు. అద్దకంవాడికి కావాల్సింది ఆ ఎరుపే. రేకుల్ని గుడ్డ సంచిలో కట్టి, పారే నీళ్ళలో పెట్టి కాళ్ళతో తొక్కుతారు. పసుపు నీళ్ళు పోయి తేట వచ్చేదాకా తొక్కాలి. తరవాత బూడిద తేటలో నానవేస్తారు. దానికి ఉత్తరేణి లాంటి చెట్లను కాల్చిన బూడిద మంచిది. ఎరుపు ఆ కారంనీళ్ళలోకి దిగుతుంది. అప్పుడు చూస్తే ఎరుపు కనపడదు, మురికి గోధుమ రంగు నీళ్ళే. అందులో నూలు ముంచి, నిమ్మరసమో చింతపండు పులుసో పోస్తే, కళ్ళముందరే నూలు గులాబి పట్టేస్తుంది. ఎన్నిసార్లు ముంచితే అంత ముదురు.

దీనికి పటిక అక్కరలేదు, కరక్కాయ అక్కరలేదు, పొయ్యి అసలే అక్కరలేదు. ఉడికిస్తే రంగు చచ్చిపోతుంది. చిరివేరు, మంజిష్ఠ అద్దినవాళ్ళకు పటిక ఎంత ఖర్చో, పొయ్యి దగ్గర ఎంత చాకిరో తెలుసు. ఇది చల్లనీళ్ళ పని. పత్తికీ పట్టుకూ రెంటికీ పడుతుంది. పసుపు మీద అద్దితే కనకాంబరం, నీలి మీద అద్దితే ఊదా.

ఒకటే తక్కువ. నిలవదు. ఎండకు పోతుంది, చవుడు పెట్టి ఉతికితే ఒక్క ఉతుకులో పోతుంది. బూడిద నీళ్ళలోనించి ఎక్కిన రంగు బూడిద నీళ్ళలోనే దిగిపోతుంది కదా. సిక్కు గురువులు తమ పదాలలో ఈ లోకపు సుఖాల్ని కుసుంబ రంగుతోనూ, దేవుడి మీది భక్తిని మంజిష్ఠ రంగుతోనూ పోల్చారంటే, అద్దకం తెలిసినవాళ్ళే ఆ మాట అనగలరు. అందుకే కుసుంబ గుడ్డ పెళ్ళికీ పండక్కీ కట్టేది, రోజూ కట్టేది కాదు.

ఐగుప్తు దేశంలో వేల ఏండ్ల కిందటి శవాలకు చుట్టిన గుడ్డల్లో ఈ రంగు దొరికింది. జపానులో యమగత సీమ ఈ పూవుకు పేరుబడ్డది, అక్కడి ఆడవాళ్ళు పెదాలకు వేసుకునే ఎరుపు దీన్నుంచే తీసేవాళ్ళు. ఢాకా కుసుంబ కంపెనీ కాలంలో లండనుకు ఓడలెక్కింది. ప్రభుత్వ కాగితాలు కట్టే ఎర్ర నాడాకు దీని రంగే వేసేవారని చెప్తారు. సొసైటీ ఫైలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగిన మాకు ఆ మాట విని నవ్వొచ్చింది. ఆ నాడా రంగు వెలిసినా ముడి మాత్రం విడలేదు.

1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే పద్దెనిమిదేండ్ల పిల్లవాడు బొగ్గు తారులోనించి ఊదా రంగు తీశాడు. 1869కల్లా మంజిష్ఠ ఎరుపును కూడా కార్ఖానాలో చేసేశారు. 1897లో నీలి వంతు వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1880లో, జాన్ టేలర్ కంపెనీ మన కోలారు బంగారు గనుల్లో దిగింది. 1890లలో బౌరింగ్‌పేట నుంచి గనులకు రైలు పడింది. ఆ బౌరింగ్‌పేటే ఇప్పటి బంగారుపేట. రైలొచ్చినాక సీమ సరుకు ఎక్కడికైనా చేరుతుంది. డబ్బా రంగు చిటికెడు వేస్తే చాలు, తొక్కేది లేదు, నానేది లేదు. మనవాళ్ళు దానికి తిరిగారంటే తప్పు పట్టలేం. గని పనివాళ్ళ ఆడవాళ్ళు జీతాలరోజు రాబర్ట్‌సన్‌పేటలో చీర కొనేటప్పుడు అడిగేది ఒకటే: "రంగు పోదు కదా?" కుసుంబ చీర అమ్మేవాడు దానికి ఏం జవాబు చెప్తాడు?

అద్దకం పోయినా మందు కొన్నాళ్ళు మిగిలింది. మా అవ్వ దగ్గర పోపుల పెట్టెలో ఒక మూల ఎండు రేకులు ఉండేవి. జలుబు చేసి ఒళ్ళు నొప్పులుంటే వేడినీళ్ళలో చిటికెడు వేసి, మూతపెట్టి, గోరువెచ్చగా తాగించేది. చెమట పట్టి ఒళ్ళు తేలికవుతుంది. అమ్మవారు పోసి పొక్కులు సరిగ్గా బయటికి రాకపోతే ఇచ్చేవాళ్ళు. ఇదే వాడుక అమెరికా పల్లెల్లోనూ ఉండిందని, తట్టుకు ఈ రేకుల కషాయం ఇచ్చేవాళ్ళని పాత వైద్యపు పుస్తకాలలో ఉంది. పచ్చకామెర్లకు కూడా ఇచ్చేవాళ్ళు. పసుపు రోగానికి పసుపు పూవు అని ఎవరో అనుకొని ఉంటారు. కామెర్లకు దీన్ని నమ్ముకోవద్దని మేము గట్టిగా చెప్తాం, రక్తపరీక్ష చేయించుకోండి. గింజల నూనె కీళ్ళనొప్పులకు రుద్దేవాళ్ళు.

అన్నిటికన్నా పెద్ద వాడుక ఆడవాళ్ళది. నెలసరి ఆగినా, కడుపునొప్పితో సరిగ్గా కాకపోయినా ఈ రేకుల కషాయం పట్టేవాళ్ళు. చీనా వైద్యంలో ఈ పూవు పేరు హోంగ్ హువా, అంటే ఎర్ర పూవు. ఆగిన రక్తాన్ని కదిలించే మందుగా ఇప్పటికీ వాళ్ళ ప్రభుత్వ మందుల గ్రంథంలో ఉంది. 3 నుంచి 10 గ్రాములదాకా తూచి ఇస్తారు. గర్భిణుల విషయంలో జాగ్రత్త అని కూడా అక్కడే రాసి ఉంది. మా అవ్వకు చీనా తెలీదు, చదువూ లేదు. అయినా కడుపుతో ఉన్న పిల్ల వస్తే ఆ డబ్బా మూత తీసేది కాదు.

ఇంక అసలు సంగతి. కొన్నేండ్ల కింద ఆండర్సన్‌పేటలో మన నేతవాళ్ళ ఇంట్లో కోడలికి నాలుగో నెల. అత్తగారు యాత్రకు పోయి, గుడి దగ్గర అంగట్లో కుంకుమపువ్వు కొనుక్కొచ్చి, రోజూ రాత్రి పాలల్లో వేసి ఇస్తోంది. మేము నూలు లెక్కకు పోయినప్పుడు ఆ డబ్బా చూశాం. నిండా ఉంది. కుంకుమపువ్వు గ్రాము వందల రూపాయలు, డబ్బా నిండా ఎవరిస్తారు?

"ఏమక్కా, ఎంతకు తెచ్చినావు?" అన్నాం.

"నూటాయాభై అన్న్యాడు, బేరమాడి నూటికి తెచ్చినా" అనింది సంతోషంగా.

ఒక గ్లాసు నీళ్ళడిగి చిటికెడు వేశాం. వేసిన వెంటనే నీళ్ళు పచ్చబడ్డాయి. వాసన లేదు. అంతటితో నమ్మదని, ఆ నీళ్ళు వార్చి పారబోసి, రేకుల్ని నాలుగుసార్లు కడిగి, చాకలిసోడా నీళ్ళలో వేశాం. కాసేపయ్యాక రేకులు తీసేసి, కండెలోనించి తెల్ల పత్తి పోగు ఒకటి తెంపి అందులో ముంచి నిమ్మకాయ పిండాం. పోగు గులాబి అయింది. నిజమైన కుంకుమపువ్వు ఎన్ని తలకిందులు వేసినా ఆ పని చెయ్యదు.

ఆయమ్మ ముఖం తెల్లబోయింది. "ఏడు దినాలు తాపించినా కదా నాయనా" అని కూలబడింది. ఆ సాయంత్రమే పిల్లను డాక్టరమ్మ దగ్గరికి తీసకపోయారు. డాక్టరమ్మ చూసి, బాగానే ఉంది, అది మాత్రం మళ్ళీ ఇవ్వద్దు అనింది. నెలలు నిండి బిడ్డ చల్లగా పుట్టాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు.

ఇంట్లో ఆడవాళ్ళకు ఇది చదివి వినిపించండి. కుంకుమపువ్వు పోగు ముదురెరుపు, ఒక కొస బూరలాగా విచ్చుకొని ఉంటుంది. నీళ్ళలో వేస్తే రంగు మెల్లగా దిగుతుంది, పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. వాసన గదంతా వస్తుంది, నోట్లో చేదు. కుసుంబ రేకు సన్న గొట్టం, కొసన అయిదు చీలికలు, మధ్యలో పసుపు కాడ. నీళ్ళలో వేస్తే చప్పున పచ్చదనం వదిలేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళే కాదు, రక్తం పలచబడే మాత్రలు మింగే పెద్దవాళ్ళు కూడా డాక్టరునడగకుండా కుసుంబ టీ తాగకూడదు. మహారాష్ట్రలో ఫల్టన్ దగ్గర నింబ్‌కర్ పరిశోధన సంస్థవాళ్ళు ముళ్ళులేని కుసుమ రకం తెచ్చినాక రేకు కోత సులువైంది, రేకుల టీ అమ్మకం కూడా వచ్చింది. దాన్ని దాని పేరుతో అమ్మితే తప్పేముంది? ఇంకో పూవు పేరు పెట్టి అమ్మితేనే ప్రాణానికి చేటు.

ఆ గులాబి పోగు ఇప్పటికీ మా సొసైటీ ఆఫీసులో స్టాకు పుస్తకం నడిమధ్య ఉంది. ఎండ తగలని చోటు కాబట్టి ఇంకా రంగు పట్టి ఉంది. ఎవరైనా వస్తే పుస్తకం తెరిచి చూపించి, వెంటనే మూసేస్తాం.