పీఠం పెరిగింది, పటం తరిగింది

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండకు జనం లక్షల్లో వస్తారు. తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, మోకాళ్ల మీద మెట్లెక్కేవాళ్లు. అందరూ క్రైస్తవులే కానక్కర్లేదు. 1924లో ఇటలీ గురువు ఆర్లాటి అక్కడ మరియమాత స్వరూపం నిలిపినప్పుడు బెజవాడకు సొంత మేత్రాసనం, అంటే బిషప్పు పాలించే ప్రాంతం, లేదు. ఆ కొండ మీద అధికారం హైదరాబాద్ పీఠాధిపతి దియోనీజి విస్మారాది. జిల్లా చూస్తే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, బిషప్పేమో నిజాం రాజధానిలో ఉన్నాడు. దొరలకూ నవాబుకూ మధ్య గీసిన సరిహద్దు రోము పటంలో కనిపించేది కాదు.

అప్పట్లో హైదరాబాద్ మేత్రాసనం కృష్ణా, గోదావరి నదుల నడుమ మచిలీపట్నం సముద్రం దాకా పరుచుకుని ఉండేది. ఇప్పటి హైదరాబాద్ అగ్రపీఠం (ఆర్చిబిషప్పు మేత్రాసనం) విస్తీర్ణంలో దానికి ఏ మూలకూ రాదు. హోదా ఒక్కో మెట్టు ఎక్కుతుంటే నేల ఒక్కో ముక్క తెగిపోయింది. అలాగని దీన్ని నష్టాల లెక్కగా చదివితే పొరపాటే. ఇక్కడ మేత్రాసనాన్ని చీల్చారంటే అది ఎదిగిందని లెక్క.

కథ మొదలైంది కుతుబ్ షాహీల కాలంలో. 17వ శతాబ్దంలోనే గోల్కొండలో కతోలిక గురువులు తిరిగారు. కానీ వాళ్లలో వాళ్లకే పడేది కాదు. తూర్పు దేశాల గుడుల మీద పెత్తనం తనదేనని పోర్చుగల్ రాజు అనేవాడు. రోములోని మత ప్రచార సంఘం నేరుగా తన మనుషులను పంపేది. 1637లో బిషప్పు అభిషేకం పొందిన గోవా బ్రాహ్మణ సంతతివాడు మతియస్ డి కాస్ట్రో రోము పక్షం మనిషి. బీజాపూర్ మీద ఆయనకిచ్చిన అధికారాన్ని తర్వాత గోల్కొండ దాకా పొడిగించారు. కాగితం మీద పరిధి ఘనమే. గోవా పోర్చుగీసువాళ్లు మాత్రం ఆయన్ను బతికున్నన్నాళ్లూ బిషప్పుగా లెక్కచేయలేదు.

నిలదొక్కుకున్న సంఘం మాత్రం సికింద్రాబాద్ కంటోన్మెంటులోనే పుట్టింది. బ్రిటిష్ పటాలాల్లో ఐర్లండ్ సిపాయిలు చాలామంది. వాళ్లకు పూజ చెప్పడానికి ఐరిష్ గురువులు కావాలి. కార్క్ ప్రాంతం నుంచి మద్రాసు మీదుగా వచ్చిన డేనియల్ మర్ఫీ 1840లలో సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ గుడి కట్టడం మొదలుపెట్టాడు. 1850లో అది పూర్తయింది. ఇప్పుడు సెయింట్ మేరీస్ బసిలికా అంటున్నది దాన్నే. ఆ గౌరవం 2008లో వచ్చింది. 1851లో హైదరాబాద్‌ను మద్రాసు నుంచి విడదీసి వికారియేటుగా (మేత్రాసనానికి ముందు మెట్టు) చేసి మర్ఫీకి అప్పగించారు. పదిహేనేళ్ల తర్వాత రోము ఆయన్ను టాస్మేనియాకు పంపింది. అక్కడ హోబార్ట్‌కు మొట్టమొదటి ఆర్చిబిషప్పు అయి, తొంభై రెండేళ్లు బతికి 1907లో పోయాడు. 

1855లో మిలాన్ మిషనరీలు దిగారు. వాళ్ల సంస్థ పుట్టి అప్పటికి ఐదేళ్లే. ఐరిష్‌వాళ్ల చూపు పటాలం మీద ఉంటే, వీళ్ల చూపు పల్లె మీద. నగరాన్నీ వదల్లేదు. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ కెథడ్రల్‌కు 1870లో పునాది పడింది, 1875 క్రిస్మస్‌కు పూజ జరిగింది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర్లో ఫిరంగులు పోత పోయించిన పేట అది. అదే పేటలో గుడి గోపురాలకు ఇటలీ నుంచి గంటలు తెప్పించి కట్టారు. లోపల మైకెలాంజెలో పియెటాకు నమూనా ఉంది. ఒడిలో కొడుకు శవాన్ని పెట్టుకున్న ఆ తల్లి ముందు నిలబడినవాళ్లు కాసేపు కదలరు.

1886 సెప్టెంబరు 1న పదమూడో లియో పోపు భారతదేశమంతటికీ మేత్రాసనాల వ్యవస్థ ఏర్పాటు చేసినప్పుడు హైదరాబాద్ పూర్తి స్థాయి మేత్రాసనమైంది. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఇటలీవాళ్లే పీఠాధిపతులు. అయితే ఊళ్లలో ఈ సంఘాన్ని మోసింది వాళ్లొక్కరే కాదు. ఉపదేశి అనే మనిషి లేకపోతే ఏ ఫాదరు పనీ సాగేది కాదు. గురువు ఊరికి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో సాయంత్రం గంట కొట్టి జనాన్ని పోగుచేసేది, పిల్లలకు జపాలు నేర్పేది, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచం పక్కన కూర్చునేది ఉపదేశే. జీతం అంతంతమాత్రం. బిషప్పుల పటాలు వరసగా గోడలకెక్కాయి గానీ ఉపదేశి పటం పెట్టిన గుడి అరుదు.

ఇక కత్తిరింపులు. 1933లో బెజవాడ వేరుపడి 1937లో మేత్రాసనమైంది, గుణదలా దానితోపాటే వెళ్లింది. 1952 డిసెంబరులో వరంగల్ విడిపోయింది. అప్పటికి హైదరాబాద్ బిషప్పుగా ఉన్న ఇటలీ గురువు అల్ఫోన్సో బెరెత్తా 1953లో కొత్త మేత్రాసనానికి తరలిపోయారు. ఖాళీ అయిన కుర్చీలోకి తెలుగువాడైన గోపు జోసెఫ్ మార్క్ వచ్చారు. అదే ఏడాది సెప్టెంబరు 19న హైదరాబాద్ అగ్రపీఠమైంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి అప్పటికి పన్నెండు రోజులుంది. మర్ఫీ నుంచి లెక్కేస్తే ఈ కుర్చీ తెలుగువాడిదాకా రావడానికి వందేళ్లు పట్టింది. 1976లో నల్లగొండ కూడా వేరైంది.

అగ్రపీఠాధిపతి అనగానే కింది బిషప్పులందరికీ పైఅధికారి అనుకుంటారు. అంత లేదు. ఏ మేత్రాసనానికి ఆ పీఠాధిపతే పెద్ద, జవాబు చెప్పుకోవాల్సింది పోపుకే. కింది మేత్రాసనంలో విశ్వాసానికో క్రమశిక్షణకో భంగం కలిగితే అగ్రపీఠాధిపతి రోముకు తెలియజేయగలడు. కుర్చీ ఖాళీ అయిన ఎనిమిది రోజుల్లోగా అక్కడి సలహా గురువులు తాత్కాలిక పాలకుణ్ణి ఎన్నుకోకపోతే తాను నియమించగలడు. ఇలాంటివి మరికొన్ని, అంతే. మెడ చుట్టూ వేసుకునే తెల్లటి ఉన్ని పట్టీ, దాని మీద ఆరు నల్ల శిలువలు ఆ హోదాకు గుర్తు. సొంత ప్రావిన్సు (అగ్రపీఠం, దాని కింది మేత్రాసనాలు కలిసిన ప్రాంతం) దాటితే దాన్ని వేసుకోకూడదు.

అసలు పాలనంతా విచారణలో ఉంటుంది. ఒక గుడి, ఒక విచారణ గురువు, చుట్టూ చిన్న చిన్న ఊళ్లు. అక్కడి జ్ఞానస్నానాల రిజిస్టరు ఓ మనిషి జీవితాన్ని ఎంత దూరం వెంబడిస్తుందో చూడాలి. ఓ కుర్రాడు పసితనంలో పల్లె గుడిలో జ్ఞానస్నానం పొంది, ఉద్యోగానికి నగరం వచ్చి, సికింద్రాబాద్‌లో పెళ్లి చేసుకుంటాడు. పెళ్లికి ముందు సొంత ఊరి రిజిస్టరు నుంచి నకలు తెచ్చుకోవాలి. పెళ్లయ్యాక ఆ కబురు మళ్లీ ఊరి విచారణకే వెళ్తుంది. అక్కడ అతని పేరు పక్క ఖాళీలో పెళ్లి వివరం రాస్తారు. రెండో పెళ్లికి దొంగచాటుగా సిద్ధమయ్యేవాడు దొరికిపోయేది అక్కడే.

నగరంలో కాన్వెంటు బళ్లన్నీ బిషప్పువేనని మరో అపోహ. 1855లో మొదలైన ఆల్ సెయింట్స్ స్కూలును చూసేది మోంట్‌ఫోర్ట్ బ్రదర్లు. సెయింట్ ఆన్స్ బళ్లు 1871లో ఇటలీ నుంచి వచ్చిన సెయింట్ ఆన్ మఠకన్యలవి. అల్వాల్ లయోలా అకాడమీ జెస్యూట్లది. ఈ సంస్థలకు సొంత పెద్దలు, సొంత ఖజానాలు ఉంటాయి. సీటు కోసం ఎస్పీ రోడ్డులోని బిషప్ హౌస్ నుంచి సిఫారసు ఉత్తరం పట్టుకెళ్లిన తల్లిదండ్రులు చాలామంది ఈ తేడాను బడి గేటు దగ్గర తెలుసుకుంటారు.

2001 దాకా తెలుగు నేల మీది లాటిన్ మేత్రాసనాలన్నీ హైదరాబాద్ ప్రావిన్సులోనివే. ఆ ఏడాది విశాఖపట్నం రెండో అగ్రపీఠమై విజయవాడ, ఏలూరు, గుంటూరు, నెల్లూరు, శ్రీకాకుళం దానికిందికి వెళ్లాయి. హైదరాబాద్‌కు వరంగల్, ఖమ్మం, నల్లగొండతో పాటు కర్నూలు, కడప మిగిలాయి. 2014లో రాష్ట్రం రెండైనా ఈ గీత చెరగలేదు. సర్కారు లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న రాయలసీమ మేత్రాసనాలు శ్రీసభ లెక్కలో ఇప్పటికీ హైదరాబాద్ వైపే.

ఆ రాయలసీమలోని కర్నూలుకు బిషప్పుగా ఉన్న పూల ఆంథోని 2020 నవంబరులో ఇక్కడికి అగ్రపీఠాధిపతిగా నియమితులయ్యారు. ఇప్పటి నంద్యాల జిల్లా చిందుకూరు ఆయన ఊరు. పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోతే మిషనరీలు చేరదీశారు. 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పోపు ఆయన్ను కార్డినల్ చేశారు. తెలుగువాళ్లలోనూ దళితుల్లోనూ ఆయనే మొదటివారు. తెలుగు కతోలికుల్లో దళితులే ఎక్కువమంది. క్రైస్తవం తీసుకున్న దళితుడికి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా ఇవ్వదు. గుడిలోపల కుల వివక్ష మీద వాళ్ల ఫిర్యాదులూ పాతవే. వాళ్లకు ఈ నియామకం గౌరవం దగ్గర ఆగిపోయే సంగతి కాదు. 2025 మేలో పద్నాలుగో లియో పోపును ఎన్నుకున్న 133 మంది కార్డినళ్లలో పూల ఆంథోని ఒకరు.

ఈలోగా అదే నేల మీద ఇంకో పటం పరిచారు. కతోలిక శ్రీసభలోనే మరో శాఖ అయిన కేరళ సిరో మలబారు సంప్రదాయానికి 2017లో శంషాబాద్ కేంద్రంగా మేత్రాసనం ఏర్పడింది. దేశంలో తమ మేత్రాసనం లేని ప్రాంతాలన్నీ దాని పరిధిలోకే చేర్చారు. మొదటి బిషప్పు రాఫెల్ తట్టిల్ 2024లో ఆ సంప్రదాయానికే అధిపతి అయ్యారు. 2025లో శంషాబాద్ కూడా అగ్రపీఠమైంది. ఒకే నగర పరిసరాల్లో ఇప్పుడు ఇద్దరు ఆర్చిబిషప్పులు. ఏ కుటుంబం ఎవరి కిందికి వస్తుందో ఇంటి అడ్రసు చూస్తే తెలియదు, ఏ సంప్రదాయానికి చెందినవాళ్లో అడగాలి.