హెచ్‌ఐవీతో ఉన్న అమ్మానాన్నలకు గుడి, చర్చి, మసీదు ఏం చేయగలవు?

న్యూజెర్సీలో ఒక హెచ్‌ఐవీ క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. అమెరికా రాకముందు గుంటూరు జిల్లాలో కౌన్సెలర్‌గా చేశాను. అందుకేనేమో, మన తెలుగువాళ్ల నుంచి ఏడాదికి పది పన్నెండు ఫోన్లయినా వస్తాయి. "మా తమ్ముడికి వచ్చిందండీ, మరదలికి కూడా ఉందట, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు" అని మొదలవుతాయి. కాసేపు మాట్లాడాక అసలు సంగతి బయటికొస్తుంది. "మందులు వాడుతున్నారు గానీ గడప దాటడం లేదు." "ఉపవాస ప్రార్థనలకు వెళ్లొచ్చి మాత్రలు మానేసింది." "ఊళ్లో వాళ్లింట్లో ఎవరూ మంచినీళ్లు కూడా తాగడం లేదు." డబ్బు పంపడానికి అందరూ సిద్ధమే. ఎవరిని నమ్మాలో, ఏ సాయం నిజంగా పనికొస్తుందో తెలియక ఆగిపోతారు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చిన విషయాలనే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు వైద్యం సంగతి

మనలో చాలామందికి హెచ్‌ఐవీ అంటే ఇరవై ఏళ్ల కిందటి భయమే గుర్తు. పరిస్థితి పూర్తిగా మారింది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. మొదట ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో సీడీ4 కణాలు బాగా తగ్గితేనే మందులు ఇచ్చేవారు. 2017 నుంచి పరీక్షలో పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర చాలు.

మందులు క్రమంగా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలాంటివారి నుంచి భార్యకు గానీ భర్తకు గానీ శారీరక సంబంధం ద్వారా వైరస్ సోకదు. 2016లో వెలువడిన పార్టనర్ అధ్యయనంలో 888 జంటలను పరిశీలించారు. మందులతో వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. గర్భిణికి చికిత్స లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. సరైన చికిత్స ఉంటే అది 5 శాతం లోపుకు వస్తుంది. అంటే హెచ్‌ఐవీ ఉన్న అమ్మ ఆరోగ్యంగా ఉన్న బిడ్డను కనవచ్చు, పెంచవచ్చు, ఆ బిడ్డ పెళ్లి చూడవచ్చు.

మాత్ర ఒక్కటే సరిపోని చోట

ఇంత మంచి మందు ఉచితంగా దొరుకుతున్నా మనుషులు ఎందుకు కుంగిపోతున్నారు? నేను గుంటూరులో చూసిన కారణాలు ఇవి. కూలి మానుకుని ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్తే ఆ రోజు ఇంటికి డబ్బు రాదు. బస్సు చార్జీలు అదనం. ఊళ్లోవాళ్లు చూస్తారని దగ్గరున్న కేంద్రం వదిలేసి పక్క జిల్లాకు వెళ్లేవాళ్లు ఉన్నారు. భర్త పోయిన కోడలిని అత్తింటివాళ్లు బయటికి పంపేస్తారు. వీటన్నిటికీ మించినది మరొకటి ఉంది: "నేను పాపం చేశాను, నాకిది శిక్ష" అన్న ఆలోచన. అది మనసులో పడ్డాక మాత్ర చేతిలో ఉన్నా మింగబుద్ధి కాదు.

ఆ ఆలోచనను తీయగలిగిన శక్తి డాక్టరు కంటే పాస్టరు గారికో, పూజారి గారికో, ఇమాం గారికో ఎక్కువ. ఎందుకంటే చాలాసార్లు అది వాళ్ల మాటల నుంచే పుట్టింది. విశ్వాస సంస్థల సాయం గురించి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఇదే.

పనిచేసిన ఉదాహరణలు

ఉగాండాలో గిడియన్ బ్యాముగీషా అనే ఆంగ్లికన్ మతగురువు ఉన్నారు. 1991లో ఆయన భార్య చనిపోయాక తనకు హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. మరుసటి ఏడాది ఆ సంగతి బహిరంగంగా చెప్పారు. ఆఫ్రికాలో అలా చెప్పిన మొదటి మతగురువుగా ఆయనకు పేరు. 1995లో హెచ్‌ఐవీ ఉన్న ఒక వితంతువును పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు పుట్టిన ఆడపిల్లలకు వైరస్ లేదు. తనలాంటి మతగురువులతో ఆయన మొదలుపెట్టిన సంఘం తర్వాత అన్ని మతాలకూ తలుపు తెరిచి అంతర్జాతీయ సంస్థగా ఎదిగింది. ఆ సంస్థ చెప్పే శత్రువులు ఆరు: అపవాదు, సిగ్గు, ఒప్పుకోకపోవడం, వివక్ష, ఏమీ చేయకపోవడం, తప్పుడు పని చేయడం. చివరి రెండూ మన సంఘాలకు బాగా వర్తిస్తాయి.

అదే దేశంలో 1988లో ఏర్పడిన ఇస్లామిక్ వైద్యుల సంఘం ఇమాంలకు శిక్షణ ఇచ్చింది. మసీదులోనూ, ఇంటింటికీ వెళ్లీ వాళ్లు హెచ్‌ఐవీ గురించి మాట్లాడారు. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో 1990ల చివర్లో 'సంఘ మెత్త' అనే పథకం మొదలైంది. మెత్త అంటే పాళీ భాషలో మైత్రి. అక్కడ బౌద్ధ భిక్షువులు హెచ్‌ఐవీ ఉన్నవారు వండిన అన్నాన్ని అందరి ముందూ భిక్షగా తీసుకుని తిన్నారు. కలిసి తింటే సోకదని ఎన్ని కరపత్రాలు పంచినా నమ్మనివాళ్లు ఆ ఒక్క పనితో నమ్మారు.

లండన్‌లో ఉన్నవారు మైల్డ్‌మే ఆసుపత్రి పేరు వినే ఉంటారు. క్రైస్తవ సేవాసంస్థగా పుట్టిన ఆ ఆసుపత్రి 1988లో ఎయిడ్స్ రోగులకు తలుపులు తెరిచింది. తల్లిదండ్రులనూ పిల్లలనూ విడదీయకుండా ఒకచోట ఉంచి చూసుకునే ఏర్పాటు కూడా చేసింది. ఆ ఆలోచనే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఇక మన దగ్గరికి వస్తే, ఆస్ట్రేలియా నుంచి 1920లో గుంటూరు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ అనే సన్యాసిని 1943లో మొదలుపెట్టిన కాథలిక్ ఆసుపత్రుల సంఘం నేడు సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేస్తోంది. పల్లెల్లో సిస్టర్లు నడిపే చిన్న ఆసుపత్రులు, ఎవరూ చేర్చుకోని రోజుల్లో హెచ్‌ఐవీ రోగులను చేర్చుకున్నాయి. తర్వాత ప్రభుత్వమే కమ్యూనిటీ కేర్ సెంటర్లు పెట్టినప్పుడు వాటిలో చాలావాటిని మిషన్ సంస్థలకు అప్పగించింది. కొత్తగా మందులు మొదలుపెట్టినవారు కొద్దిరోజులు అక్కడ ఉండి, వికారం, నీరసం తగ్గేదాకా చూసుకుని, ధైర్యం తెచ్చుకుని ఇంటికి వెళ్లేవారు.

కీడు చేసే సాయం

ఇదంతా చదివి విశ్వాసం పేరుతో జరిగేదంతా మంచిదే అనుకోవద్దు. గుంటూరులో నా దగ్గరికి వచ్చే ఒక తల్లి స్వస్థత కూటానికి వెళ్లింది. "నీకు నయమైపోయింది, మాత్ర మింగితే నీ విశ్వాసం చాలనట్టే" అన్నారు. ఆమె మానేసింది. ఎనిమిది నెలల తర్వాత క్షయతో వచ్చింది. అప్పటికి ముప్పై కిలోలు కూడా లేదు. ఆమె బతకలేదు. ఇద్దరు పిల్లలు అమ్మమ్మ దగ్గర మిగిలారు. ఇలాంటి మాట ఏ మతంవారు చెప్పినా, నాటువైద్యుడు చెప్పినా, తాయెత్తు కట్టేవాడు చెప్పినా ఫలితం ఒకటే. మాత్రలు ఆపితే వైరస్ కొద్ది వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. ఆపుతూ మొదలుపెడుతూ ఉంటే మందుకు లొంగని రకం తయారయ్యే ప్రమాదం ఉంది.

అందుకే నేను ఒకే కొలత చెబుతాను. ప్రార్థన చేసేవారు "మాత్ర వేసుకున్నావా తల్లీ?" అని కూడా అడుగుతున్నారా? అడిగితే నమ్మండి. మాత్ర మానమంటే ఎంత పెద్ద పేరున్నవారైనా ఆ గుమ్మం తొక్కవద్దు.

పిల్లల సంగతి, చట్టం సంగతి

ఫోన్ చేసే ప్రతివారూ అడిగే ప్రశ్న: పిల్లలకు చెప్పాలా? బడికి వెళ్లే వయసు వచ్చాక వాళ్ల స్థాయికి తగ్గట్టు మెల్లమెల్లగా చెప్పడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పిల్లలు ఎలాగూ మందు డబ్బాలు చూస్తారు, గుసగుసలు వింటారు. సంగతి బయటివాళ్ల నోటి నుంచి వినకముందే అమ్మ నోటి నుంచి వినడం మేలు. మొదటిసారి చెప్పేటప్పుడు ఏఆర్‌టీ కౌన్సెలర్ సాయం తీసుకోవచ్చు.

హెచ్‌ఐవీ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, వీటిలో హెచ్‌ఐవీ కారణంగా వివక్ష చూపకూడదు. అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, సంగతి బయటపెట్టకూడదు. తల్లిదండ్రులకు ముఖ్యమైనవి ఇంకో మూడు ఉన్నాయి. ఉమ్మడిగా ఉంటున్న ఇంట్లోంచి మైనర్ పిల్లలను వెళ్లగొట్టడానికి వీల్లేదు. తమకు ఏదైనా అయితే పిల్లలను ఎవరు చూడాలో తల్లిదండ్రులు ముందే రాసి పెట్టుకోవచ్చు. ఆ బాధ్యత బంధువుకైనా స్నేహితుడికైనా ఇవ్వవచ్చు. పన్నెండేళ్లు నిండి, ఇల్లు చూసుకుంటున్న అక్కో అన్నో, తగిన పరిణతి ఉంటే, చెల్లెలి బడి చేరిక, బ్యాంకు ఖాతా, వైద్యం వంటి వాటికి సంరక్షకులుగా సంతకం చేయవచ్చు.

మందులు వాడుతున్నవారికి పెన్షన్ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు రూ.4,000 ఇస్తున్నారు. తెలంగాణలోనూ హెచ్‌ఐవీ ఉన్నవారిని పెన్షన్ పథకంలో చేర్చారు. ఊరివాళ్లకు తెలుస్తుందని దరఖాస్తు చేయనివాళ్లు చాలామంది. వాళ్ల పక్కన కూర్చుని ఫారం నింపించే ఒక నమ్మకమైన మనిషి దొరికితే, అదే పెద్ద సాయం.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవారు

గల్ఫ్ దేశాల్లో నివాస వీసాకు హెచ్‌ఐవీ పరీక్ష తప్పదు. అక్కడ ఉండగా పాజిటివ్ వస్తే చాలాచోట్ల వెనక్కి పంపేస్తారు. నిజామాబాద్‌కో, కరీంనగర్‌కో, కోనసీమకో, కడపకో అకస్మాత్తుగా తిరిగొచ్చిన మనిషి ఎందుకు వచ్చాడో ఇంట్లో చెప్పలేడు. అప్పులు అలాగే ఉంటాయి. భార్యకు పరీక్ష జరగదు. ఆలస్యమైన ప్రతి నెలా ఇద్దరికీ నష్టం. మీ బంధువుల్లో ఎవరైనా ఇలా వస్తే "ఎందుకొచ్చావు" అని అడిగే ముందు "నీకు ఏ పరీక్ష చేయించాలన్నా నేను తోడొస్తాను" అనండి. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో పరీక్ష ఉచితం, గోప్యం.

డబ్బు పంపే ముందు

సంస్థకు విరాళం ఇవ్వాలనుకుంటే నాలుగు సంగతులు చూడండి.

ఒకటి, పిల్లల ముఖాలు చూపిస్తూ "హెచ్‌ఐవీ పిల్లలు" అని ఫొటోలు పెట్టేవారికి ఇవ్వవద్దు. ఆ ఫొటో ఆ బిడ్డ వెంట పెళ్లీడు దాకా వస్తుంది.

రెండు, అమ్మో నాన్నో బతికి ఉన్న పిల్లలను హాస్టల్‌కు తెచ్చి లెక్క పెంచుకుంటున్నారా, లేక ఇంటి దగ్గరే ఉంచి తల్లిదండ్రులకు అండగా ఉంటున్నారా అని అడగండి. కుట్టుమిషను, రెండు మేకలు, నెలకు బస్సు చార్జీలు, బడి ఫీజు: పిల్లలు అమ్మ దగ్గరే ఉండటానికి చాలాసార్లు ఇంతే కావాలి.

మూడు, సాయానికి మత షరతు పెట్టకూడదు. కూటానికి వస్తేనే బియ్యం, పూజకు వస్తేనే ఫీజు అనేది సేవ కాదు.

నాలుగు, చట్టపరమైన సంగతి. మీరు అమెరికా లేదా మరో దేశ పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీ విరాళం విదేశీ విరాళమే. ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో దాని ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే వెళ్లాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు.

ఇక్కడి నుంచి మీరు చేయగలిగినవి

ఇంట్లో ఎవరికైనా హెచ్‌ఐవీ ఉంటే వారానికోసారి వీడియో కాల్ చేయండి. జబ్బు గురించే కాక పిల్లల చదువు, పొలం, వంట, అన్నీ మాట్లాడండి. డాక్టరు చెప్పిన సమయానికి వైరల్ లోడ్ పరీక్ష చేయించుకున్నారా అని అడగండి. ఇండియా వెళ్లినప్పుడు హోటల్‌లో కాకుండా వాళ్లింట్లోనే దిగండి, వాళ్ల చేతి వంట తినండి. ఊరంతా అది చూస్తుంది. మీ ఊరి గుడి కమిటీకో చర్చికో మీరు ఏటా చందా పంపుతుంటే, ఈసారి ఒక మాట కూడా కలిపి పంపండి: హెచ్‌ఐవీ ఉన్న కుటుంబాన్ని పంక్తిలో అందరితో కూర్చోబెట్టమని. చందా ఇచ్చేవారి మాటకు విలువ ఉంటుంది.

భారతదేశంలో ఉన్నవారికి 1097 జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ ఉచితం. దగ్గరలోని ఏఆర్‌టీ కేంద్రం ఎక్కడుందో చెబుతారు. పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు. అమెరికాలో ఉన్నవారికి చికిత్స ఖర్చు భయం అక్కర్లేదు; 1990 నాటి ర్యాన్ వైట్ చట్టం కింద ఇన్సూరెన్స్ లేనివారికీ, చాలనివారికీ క్లినిక్‌లు ఉన్నాయి. 2010 జనవరి నుంచి హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో అమెరికా వీసా నిరాకరించడం లేదు. ఈ రెండు సంగతులూ తెలియక ఏళ్ల తరబడి పరీక్షకే రాని మన తెలుగువాళ్లు నాకు తెలుసు. మీకు తెలిసినవారిలో అలాంటివారు ఉంటే, ఈ వ్యాసం వాళ్లకు పంపండి.