చేప పడని రోజు కూడా రాసిన వాళ్ళు

ఈ వారం ఎపిసోడ్‌లో ఇంగ్లండ్ నదుల పక్కన చేపలు పట్టేవాళ్ళు రాసుకున్న డైరీల గురించి మాట్లాడాను కదా. టైం చాలక సగం మింగేశాను. మిగతాది రాసి పెట్టమని కువైట్ నుంచి ఒక తమ్ముడు, దోహా నుంచి ఇద్దరు అడిగారు. చేపలు పట్టడం మనకేమిటి, డ్యూటీ అయ్యాక రూముకొచ్చి వండుకునే ఓపికే ఉండదు అంటారా? చివరిదాకా చదవండి, మన సంగతి కూడా ఇందులో ఉంది.

ముందు ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటో చెప్పాలి. మన ఊళ్ళో గాలానికి వానపామో పిండిముద్దో గుచ్చి వేస్తాం. వీళ్ళు ముల్లుకి ఈకలు, దారం, జంతువుల వెంట్రుకలు చుట్టి అచ్చం నీటిపురుగులా కడతారు. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువే ఉండదు, రాయిలా విసరలేం. బరువంతా గాలపు తాడులో ఉంటుంది. ఆ తాడుని కొరడాలాగ వెనక్కీ ముందుకీ ఊపి, పురుగు వాలినట్టుగా నీటి మీద వాల్చాలి. ఏ నెలలో ఏ పురుగు, ఏ వేళకి నీటి మీదకి లేస్తుందో తెలియకపోతే కర్ర ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. 1496లో ఇంగ్లండ్‌లో అచ్చయిన ఒక పుస్తకంలోనే ఏ నెలకి ఏ ఫ్లై కట్టాలో పన్నెండు రకాలు చెప్పారు. అంటే ఈ వేటకి మొదటి నుంచీ క్యాలెండరుతోనే పని. క్యాలెండరుతో పనిపడ్డాక రాసుకోకుండా ఎలా కుదురుతుంది?

మామూలు చేపల డైరీలో ఉండేవి ఇవి: తేదీ, నది పేరు, ఏ మలుపు దగ్గర, గాలి ఎటు నుంచి, నీళ్ళు తేటగా ఉన్నాయా మడ్డిగా ఉన్నాయా, ఎంత మట్టం, ఏ ఫ్లై వేశారు, ఎన్ని పడ్డాయి, బరువెంత. నేను ఐటీఐ సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివి ఇరవై ఏళ్ళుగా సైట్ల మీదే ఉన్నాను. సూపర్‌వైజర్ అయ్యాక రోజూ సాయంత్రం రాసే సైట్ డైరీ కూడా ఇంచుమించు ఇదే. తేదీ, వాతావరణం, ఎంతమంది మనుషులు వచ్చారు, ఎన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పోశాం, ఏ పని ఆగింది, ఎందుకాగింది. ఇక్కడ హ్యాంప్‌షైర్ సైట్‌లో నాతో పనిచేసే ఒక పెద్దాయన తన చేపల నోట్‌బుక్ చూపించినప్పుడు నాకు చదవడం కష్టం కాలేదు. ఆయన జేసీబీ ఆపరేటరు. ముప్పై ఏళ్ళ పుస్తకాలున్నాయి. చాలా పేజీల్లో చేపల గడిలో సున్నా ఉంది. సిగ్గుపడే మనిషి కాదు. నేను అడగకముందే, ఆ సున్నాలే నాకు ఎక్కువ నేర్పాయి అన్నాడు.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. మాకు దగ్గర్లోనే టెస్ట్ అనే నది ఉంది (క్రికెట్‌కి సంబంధం లేదండోయ్). సుద్దరాతి నేలలోంచి ఊరే నీళ్ళు, అడుగున గులకరాయి కూడా కనిపిస్తుంది. దీని ఒడ్డున లాంగ్‌పారిష్ అనే ఊళ్ళో కల్నల్ పీటర్ హాకర్ అని ఒక సైనికుడు ఉండేవాడు. 1809లో స్పెయిన్‌లో తలవేరా యుద్ధంలో బాగా గాయపడి తిరిగొచ్చాడు. 1802లో మొదలుపెట్టిన డైరీ 1853లో చనిపోయేవరకూ రాశాడు. ఎక్కువగా తుపాకీ వేట, మధ్యలో ట్రౌట్ చేపలు. 1893లో అది పుస్తకంగా వచ్చింది. నా అభిప్రాయం చెప్పాలంటే అందులో గొప్పలు ఎక్కువ, మనిషికి లెక్క పిచ్చి. అయినా యాభై ఏళ్ళు ఒకే చోట నిలబడి ఒకే నదిని చూసి రాసినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

అదే నది మీద స్టాక్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్ళో 1822లో హౌటన్ ఫిషింగ్ క్లబ్ పెట్టారు. అది ఇవాళ్టికీ ఉంది. సభ్యులంతా డబ్బున్నవాళ్ళు, ప్రభువులు. ఫ్రాన్సిస్ చాంట్రీ అనే పెద్ద శిల్పి కూడా అందులో సభ్యుడు. వీళ్ళు క్లబ్ పుస్తకంలో వాతావరణం, పట్టిన చేపలు, బరువులు, మధ్యలో బొమ్మలు, వెటకారాలు రాసిపెట్టారు. 1822 నుంచి 1908 వరకు ఉన్నదాన్ని సర్ హెర్బర్ట్ మాక్స్‌వెల్ కూర్చి 1908లో అచ్చువేయించాడు. ఎనభై ఆరేళ్ళు ఒక నది గురించి!

కానీ ఇక్కడ నాకు ఒకటి గుచ్చుకుంటుంది. ఆ పుస్తకం రాసింది చేపలు పట్టడానికి వచ్చిన దొరలు. నదిని కాసింది వేరేవాళ్ళు. 1887లో విలియం లన్ అనే ఆయన ఆ క్లబ్‌లో రివర్ కీపర్‌గా చేరాడు. అంటే నదికి కాపలాదారు, మేస్త్రీ, డాక్టరు అన్నీ అనుకోండి. నాచు కోయడం, ఒడ్డు కట్టడం, దొంగవేట ఆపడం. నీటి పురుగులు గుడ్లు పెట్టుకోవడానికి నదిలో చెక్కపలకలు తేలేలా కట్టింది ఈయనే. చూసి చూసి సొంతంగా ఫ్లైలు తయారు చేశాడు. ‘లన్స్ పర్టిక్యులర్’ అనే ఫ్లై ఇవాళ్టికీ షాపుల్లో దొరుకుతుంది. ఆయన తర్వాత కొడుకు, తర్వాత మనవడు అదే ఉద్యోగం చేశారు. ఆయన జీవితం గురించి పుస్తకం వచ్చింది, కానీ అది రాసింది జాన్ వాలర్ హిల్స్ అనే ఎంపీ, వేటగాడు. బిల్డింగ్ కట్టినవాడి పేరు శిలాఫలకం మీద ఉండదు కదా, అలాగే అనమాట. ఆ మాత్రం పుస్తకం వచ్చిన కీపర్లే తక్కువ.

డైరీ వల్ల పెద్ద గొడవ కూడా జరిగింది. ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ అనే ఆయన 1886లో, 1889లో రెండు పుస్తకాలు రాశాడు. నీటి మీద పొడిగా తేలే ఫ్లై మాత్రమే వేయాలి, అదీ పైకొచ్చి పురుగు తింటున్న చేపకే వేయాలి అన్నది ఆయన పద్ధతి. ఆయన మనుషులు దాన్ని వేదంలా పట్టుకున్నారు. ఇంకోపక్క జి.ఇ.ఎం. స్క్యూస్ అని లండన్‌లో లాయరు. 1883 నుంచి 1938 వరకు వించెస్టర్ దగ్గర ఇచెన్ నది మీద ఒకే చోట చేపలు పట్టాడు. ఈయన పట్టిన చేప పొట్టలోంచి సన్నటి స్పూనుతో తిన్నది బయటికి తీసి, పళ్ళెంలో నీళ్ళు పోసి చూసేవాడు. పైకి ఎగిరే పురుగులకంటే నీటి లోపల ఇంకా రెక్కలు రాని పిల్లపురుగులే ఎక్కువ కనిపించాయి. వాటిని నింఫ్ అంటారు. చూసింది చూసినట్టు రాసుకుని, 1910లో పుస్తకం వేశాడు. పెద్దమనుషులకి కోపం వచ్చింది. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీనిమీద చర్చపెట్టి ముసలాయన్ని బాగానే కడిగారు. కానీ ఇవాళ ప్రపంచమంతా నింఫ్‌తో చేపలు పడుతున్నారు. స్పూను, పళ్ళెం, నోట్‌బుక్. ఇంతకంటే పెద్ద ల్యాబ్ ఏమీ లేదు ఆయనకి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎడ్వర్డ్ గ్రే కథ. 1905 నుంచి 1916 దాకా బ్రిటన్ విదేశాంగ మంత్రి. ఆయన, భార్య డొరొతీ ఇచెన్ ఒడ్డున చిన్న కాటేజీ కట్టుకుని, లండన్‌లో పని నుంచి తప్పించుకుని శని ఆదివారాలు అక్కడికి రైల్లో పారిపోయేవారు. వారమంతా చాకిరీ చేసి శుక్రవారం కోసం ఎదురుచూసే గల్ఫ్ వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1894 నుంచి 1905 వరకు ఇద్దరూ కలిసి ఒక పుస్తకం రాశారు. ఏ పిట్ట ఎప్పుడు కూసింది, ఏ పువ్వు పూసింది, నది ఎలా ఉంది. ఒకరు రాసినదాని కింద ఇంకొకరు రాసేవారు. 1906లో గుర్రబ్బండి ప్రమాదంలో డొరొతీ చనిపోయింది. 1909లో గ్రే ఆ పుస్తకాన్ని అమ్మకానికి కాకుండా తన వాళ్ళ కోసం మాత్రమే అచ్చు వేయించాడు. తర్వాత ఆయనకి చూపు తగ్గిపోయింది. నీటి మీద తేలే ఫ్లై కనపడదు, చేప పైకొచ్చిన గుర్తూ కనపడదు. 1923లో ఆ కాటేజీ కాలిపోయింది. మిగిలింది ఆ పుస్తకమే.

ఇవన్నీ డబ్బున్నవాళ్ళ నదులండి. ఒడ్డుకి ఒడ్డే ప్రైవేటు. మామూలు మనిషికి ఫ్లై ఫిషింగ్ అందుబాటులోకి వచ్చింది ఎక్కువగా మంచినీళ్ళ రిజర్వాయర్ల వల్ల. బ్రిస్టల్ ఊరికి నీళ్ళిచ్చే బ్లాగ్డన్ చెరువులో 1904లో ట్రౌట్ వేట మొదలైంది. రోజు టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చు. ఇలాంటి చోట్ల సాయంత్రం వెళ్ళేముందు ఎన్ని పట్టావో కార్డు మీద రాసి ఇవ్వాలి. మా జేసీబీ ఆపరేటరు నోట్‌బుక్‌లన్నీ ఇలాంటి చెరువులవే.

సాల్మన్ సంగతి ఇంకా గట్టిది. ఇంగ్లండ్, వేల్స్‌లో సాల్మన్ లైసెన్సు తీసుకున్న ప్రతి ఒక్కరూ ఏడాది చివర లెక్క పంపాలి, అది చట్టం. ఒక్కటీ పట్టకపోయినా, అసలు వెళ్ళకపోయినా పంపాలి. స్కాట్లండ్‌లో 1952 నుంచి ప్రభుత్వ లెక్కలున్నాయి. సున్నా ఎందుకు అడుగుతారంటే, పట్టినవాళ్ళ లెక్కే ఉంటే చేపలు తగ్గాయా, పట్టేవాళ్ళు తగ్గారా అన్నది తేలదు. పదిసార్లు వెళ్తే మూడు పడ్డాయా, ముప్పైసార్లు వెళ్తే మూడు పడ్డాయా అన్నదే అసలు విషయం. ఇలా కూడిన లెక్కల్లో వసంతకాలంలో నదికొచ్చే సాల్మన్ పడిపోవడం కనపడి, 1999లో నిబంధన తెచ్చారు. జూన్ 16కి ముందు పట్టిన సాల్మన్‌ని తిరిగి నీళ్ళలో వదిలేయాలి. 2023 డిసెంబరులో బ్రిటన్ సాల్మన్‌ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. ఇలాంటి నిర్ణయాల వెనక, తడిసిన వేళ్ళతో ఒడ్డున నిలబడి రాసిన సున్నాలు కూడా ఉన్నాయి.

మన సంగతి ఉందన్నాను కదా. నేను గల్ఫ్‌లో ఉన్నప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటర్ అన్నయ్య ఉండేవాడు. జేబులో పట్టే చిన్న పుస్తకం. రోజూ రాత్రి పడుకునేముందు ఎన్ని గంటలు, ఏ బ్లాకు, ఏ స్లాబు అని రాసేవాడు. జ్వరంతో పడుకున్న రోజు సున్నా వేసేవాడు. కంపెనీ ఎనిమిది నెలల ఓవర్‌టైం ఎగ్గొట్టింది. కేసుకి వెళ్తే వాళ్ళ కాగితాల్లో అందరికీ రోజుకి ఎనిమిది గంటలే. ఈయన పుస్తకంలో రాత్రి పదకొండు దాకా పోత అని ఉన్న తేదీలు, కాంక్రీటు లారీల చీటీల తేదీలతో కలిశాయి. అధికారి పేజీలు తిప్పుతూ ఆ సున్నాల దగ్గర ఆగాడు. అబద్ధం రాసేవాడైతే సెలవు రోజు ఎందుకు రాసుకుంటాడు అన్నాడు. మొత్తం రాలేదు, సగానికి పైగా వచ్చింది. మిగతావాళ్ళు నోటితో చెప్పారు. వాళ్ళకి ఏమీ రాలేదు.

మాది కోనసీమ, గోదావరి పాయ పక్కన. సాల్మన్‌లాగే మన పులస కూడా సముద్రం నుంచి నదికి ఎదురీదే చేప. కడలిలో ఉన్నప్పుడు విలస, వరద నీళ్ళలో ఎక్కాక పులస. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో కట్టారు. దక్షిణాదిలో ఆనకట్టలు ఇలాంటి చేపలకి అడ్డుపడుతున్నాయని ఫ్రాన్సిస్ డే అనే అధికారి 1873 నివేదికలోనే రాశాడు. అదే ఏడాది మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సల్లివాన్ థామస్ ఇండియాలో గాలపు వేట మీద పెద్ద పుస్తకమే వేశాడు. దొరలు రాశారు సరే. వల వేసే మా వాళ్ళు పులస ఏ తిథికి ఎక్కడ తగులుతుందో నిద్రలో లేపినా చెబుతారు, కాగితం మీద మాత్రం ఎవరూ పెట్టలేదు. మా తాత హయాంలో పడవ నిండా పడేవి అంటారు. నిండా అంటే ఎన్ని అంటే చెప్పలేరు. ధర ఎంత పెరిగిందో మాత్రం అందరికీ తెలుసు.

మా చిన్నాన్న కొడుకు ఇప్పటికీ పడవ వేస్తాడు. వరద నెలల్లో రోజూ రాత్రి వాట్సాప్‌లో వాయిస్ పెడతాడు. ఎక్కడ వేశాడు, నీళ్ళు ఎర్రగా ఉన్నాయా, ఎన్ని పడ్డాయి. నేను ఇక్కడ కూర్చుని పుస్తకంలో ఎక్కిస్తున్నాను, ఇది మూడో ఏడు. నిరుడు ఆగస్టులో ఒకసారి వరసగా తొమ్మిది రోజులు ఏమీ పడలేదు. పదో రోజు వాడు వాయిస్ పెట్టలేదు. ఏరా, వెళ్ళలేదా అని ఫోన్ చేశాను. వెళ్ళాను అన్నయ్యా, ఏం పడలేదు, ఇక పెట్టడం ఎందుకని ఊరుకున్నాను అన్నాడు. తేదీ వేసి సున్నా రాసుకున్నాను.