ముఖం లేని అమ్మీ

మా నానీమా ఫోటో మా ఖాన్‌దాన్‌లో ఎవరి దగ్గరా లేదు. మామూజాన్ ఎన్నిసార్లు బతిమాలినా, "తౌబా, తస్వీర్ ఎందుకురా" అని పల్లూ ముఖం మీదికి లాక్కునేది. హజ్‌కు వెళ్ళి ఉంటే పాస్‌పోర్టు కోసమైనా ఒక ఫోటో దిగేది. ఆ నసీబ్ కూడా లేకపోయింది. ఇప్పుడు పిల్లలు "ఎలా ఉండేది?" అని అడిగితే ఆమె చేతుల గురించి, పాన్‌దాన్ గురించి, తెల్ల ఓఢ్నీ గురించి చెబుతాం. ముఖం దగ్గరికి వచ్చేసరికి తలా ఒక మాట.

మన ఇళ్ళలో చాలామంది దాదీలు, నానీలు ఇలాగే తస్వీర్ లేకుండా వెళ్ళిపోయారు. ఎం.ఎఫ్. హుసేన్ బొమ్మల ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. ఆయన పేరు చెబితే జనానికి గుర్రాలు, చెప్పుల్లేని కాళ్ళు, కోర్టు కేసులు జ్ఞాపకం వస్తాయి. నాకు మాత్రం అమ్మ ముఖం తెలియని ఒక పిల్లాడు కనిపిస్తాడు.

మఖ్‌బూల్ ఫిదా హుసేన్ 1915లో పండరిపురంలో, సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. విఠోబా యాత్రికులతో నిండిపోయే ఊరది. తల్లి పేరు జైనబ్. బిడ్డకు ఏడాదిన్నర వయసులో ఆమె ఇంతెకాల్ అయింది. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. అమ్మ ముఖం తనకు గుర్తు లేదని ఆయన ముసలితనంలో కూడా ఇంటర్వ్యూల్లో చెబుతూనే ఉండేవారు. ఆమె కట్టుకున్నది మరాఠీ ఆడవాళ్ళ తొమ్మిది గజాల చీర అన్నంత వరకే ఆయనకు తెలుసు. ఆయన బొమ్మల్లో ఆ చీర కట్టు మళ్ళీ మళ్ళీ వస్తుంది.

తండ్రితో ఇందోర్ చేరారు. బరోడా మదర్సాలో కూఫీ ఖత్తాతీ నేర్చుకున్నారు. తర్వాత బంబయి వెళ్ళి సినిమా హోర్డింగులు వేశారు. ఖుదా ఖుద్రత్ చూడండి: కన్నతల్లి ముఖం తెలియనివాడు పొట్టకూటి కోసం హీరోయిన్ల ముఖాలను మేడంత ఎత్తున గీశాడు! అది చాలనప్పుడు పిల్లల కోసం చెక్క బొమ్మలు, ఫర్నిచరు కూడా తయారు చేశారు. 1947లో ఎఫ్.ఎన్. సౌజా పిలిచి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేర్చుకునే వరకు బతుకు ఇలాగే గడిచింది.

ఆ ముఖం కోసం వెతుకులాట మాత్రం ఆగలేదు. 1979లో మదర్ థెరిసాకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఆయన వేసిన బొమ్మలు చూడండి. తెల్ల చీర, నీలి అంచు, ఒడిలో పిల్లాడు, పెద్ద పెద్ద చేతులు. ముఖం ఉండాల్సిన చోట నల్లటి ఖాళీ. కొన్ని కాన్వాసుల్లో ఒకే చీర కింద ఇద్దరు ముగ్గురు తల్లులు కూర్చుని ఉంటారు. ఎవరిలోనూ ముఖం లేదు. ఇటలీ చర్చిల్లో పాత ఉస్తాదులు బీబీ మర్యమ్ ఒంటి మీద బట్ట మడతలను ఎలా తీర్చారో ఆయన శ్రద్ధగా చూసి వచ్చారు. ప్రాణం లేని కొడుకును ఒళ్ళో వేసుకున్న తల్లి భంగిమ అక్కడిదే. మర్యమ్ అలైహిస్సలామ్ మనకు పరాయి కాదు. ఖుర్ఆన్‌లో పేరుతో పిలవబడిన ఒకే ఒక్క స్త్రీ ఆమె. 19వ సూరా ఆమె పేరు మీదే ఉంది.

ఇస్లాంలో ముఖాలు గీయకూడదు కాబట్టి ఖాళీగా వదిలేశారని కొందరు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. జీవితమంతా వేల ముఖాలు గీసిన మనిషికి ఇక్కడొక్కచోటే ఆ ఫత్వా గుర్తొచ్చిందా? ఆ ఖాళీలో ఎవరి అమ్మను వాళ్ళు చూసుకోవచ్చు. ఆయనకైతే చూసుకోవడానికి కూడా ఏమీ లేదు. నా లెక్కన ఆయన రూహానియత్ అంతా ఆ నల్లటి చోటులోనే ఉంది.

రంగులతో పని కానప్పుడు కెమెరా పట్టారు. 1967లో తీసిన చిన్న సినిమాకు బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ వచ్చింది. 2000లో 'గజగామిని' తీసి, ఒక్క మాధురీ దీక్షిత్‌నే శకుంతలగా, మోనాలిసాగా, ఇంకా ఎందరో ఆడవాళ్ళుగా చూపించారు. కథ అర్థం కాలేదని జనం హాల్లోంచి లేచిపోయారు. నిజం చెప్పొద్దూ, నాకూ సగమే అర్థమైంది.

మన హైదరాబాద్‌తో ఆయన రిష్తా పాతదే. లోహియా మాట మీద బద్రీ విశాల్ పిత్తీ ఇంట్లో ఉండి రామాయణం బొమ్మలు వేసింది ఇక్కడే. బంజారా హిల్స్‌లో 'సినిమా ఘర్' కట్టించుకున్నదీ ఇక్కడే. 2004లో 'మీనాక్షి' సినిమాకు మన టబును తీసుకుని, హైదరాబాద్ గల్లీలు చూపించారు. అందులో 'నూరున్ అలా' పాట మీద మన ఉలమాలే అభ్యంతరం చెప్పారు. ఖుర్ఆన్ మాటలను ఒక స్త్రీ అందానికి వాడారన్నది వాళ్ళ ఫిర్యాదు. ఆయన సినిమానే హాళ్ళ నుంచి తీసేసుకున్నారు. అప్పటికే దేవతల బొమ్మల మీద మరోవైపు నుంచి కేసులు నడుస్తున్నాయి. 2006లో దేశం విడిచారు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసినా తిరిగి రాలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నారు. 2011 జూన్ 9న లండన్‌లో చనిపోయారు. పండరిపురం బిడ్డకు రెండు గజాల జమీన్ ఇంగ్లండ్‌లో దొరికింది. అల్లాహ్ మగ్‌ఫిరత్ చేయుగాక.

ఇది రాస్తూ మధ్యలో నా ఫోన్ తెరిచాను. మా అమ్మీ ఇప్పుడు సెల్ఫీలంటే ముచ్చటపడుతుంది. ఈద్‌కి, అఖీఖాలకి, వలీమాలకి ఆమె ముఖం వందల ఫోటోల్లో ఉంది. వెతికి చూస్తే ఆమె చేతులు సరిగ్గా కనిపించేది ఒక్కటీ లేదు. ఈ జుమ్మాకు ఇంటికి వెళ్ళినప్పుడు, ఆమె రోటీలు చేస్తుండగా ఒకటి తీయాలి.