తుపాను వార్త



బంగాళాఖాతపు తీరమున నివసించువారికి తుపాను క్రొత్త చుట్టము కాదు. దాని రాకను ముందుగా తెలిసికొను విధానము మనదేశమున ఎట్లు పెరిగినదో సంగ్రహముగా మనవిచేసెదను.

1864 అక్టోబరులో గొప్ప తుపాను కలకత్తాను ధ్వంసముచేసినది. నెల తిరుగకమునుపే, నవంబరు 1వ తేదీ రాత్రి, మచిలీపట్టణమును ఉప్పెన ముంచివేసినది. సుమారు 30,000 మంది మడిసిరి. మరుసటి యేడు కలకత్తా రేవునకు తుపాను సూచనలిచ్చు ఏర్పాటు కలిగినది. 1875లో భారత వాతావరణశాఖ నెలకొనెను. హెన్రీ బ్లాన్‌ఫర్డుగారు దానికి తొలి యధికారి. పలుతావుల కొలిచిన గాలియొత్తిడి, గాలిదిక్కు తంతిమూలమున ఒకచోటికి చేరుటచేత తుపాను జాడ తెలియవచ్చెను.

అయితే ఆ సూచనలు ముఖ్యముగా ఓడలకొరకు ఏర్పడినవి. రేవుస్తంభముపై ఎత్తిన గురుతు సరంగునకు తెలియునుగాని, గుడిసెలోని కూలివానికి తెలియునా?

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఈ లోపమే బయటపడినది. అప్పటికి ఉపగ్రహములున్నవి, హెచ్చరికలును వెలువడినవి. అయినను అవి అందవలసినవారికి వేళకందలేదు. సుమారు 10,000 మంది ప్రాణములు పోయెను. 1990 మే నెలలో అదే కృష్ణాతీరమున మరల భీకరమైన తుపాను దాటినది. ఈమారు ముందుగనే 6 లక్షలకు పైబడిన జనమును సురక్షితస్థలములకు తరలించిరి. ప్రాణనష్టము సుమారు వేయికి తగ్గినది. సముద్రము మారలేదు. వార్త ఇల్లు చేరుటయు, జనము కదలుటయే మారినవి.

నేడు విశాఖపట్టణమునందును మచిలీపట్టణమునందును రాడారులు గలవు. తుపాను సమయమున వాతావరణశాఖవారి ప్రకటనలు మూడేసి గంటలకు అంతర్జాలమున వెలువడుచున్నవి. మీ మనుమని చేతిలోని ఫోనులోనే వానిని చూడవచ్చును. కాని రెండు సంగతులు మరువరాదు. పటములో గీచిన మార్గము అంచనాయేగాని శాసనము కాదు. గీతకు దూరమున నున్నామని నిశ్చింతగా నుండరాదు. తుపాను నడిమి కన్ను మీదుగా పోవునప్పుడు గాలి చప్పున అణగును. అంతటితో తీరినదని బయటికి పోరాదు. కొంతసేపటికి ఎదురుదిక్కునుండి అది మరల విజృంభించును.

గ్రామపెద్దలారా! శాస్త్రజ్ఞుడు ఢిల్లీనుండి వార్తను మీ వీధిమొగవరకు తేగలడు. అక్కడినుండి కడపటి గుడిసెకు చేర్చుటయు, ఇల్లు విడువనొల్లని ముసలివారిని ఒప్పించి కదలించుటయు మీ మాటకే సాధ్యము. 1864 మొదలు నేటివరకు గల చరిత్రము నాకు నేర్పిన పాఠమిదియే.