తెల్లంచు హైడ్రాంజియాకు నీడ ఎందుకు?

జపాన్‌లో హోన్షూ దీవి తీరాన, ఇజు ద్వీపకల్పం చుట్టుపక్కల, హైడ్రాంజియా మాక్రోఫిల్లా అడవి పొదగా పెరుగుతుంది. దళసరి ఆకులు, నిగనిగలాడే నిండు ఆకుపచ్చ. సముద్రపు తేమగాలి, తడి నేల ఉంటే ఎండను చక్కగానే ఓర్చుకుంటుంది. అదే జాతిలో ఆకు అంచు తెల్లగానో మీగడ రంగులోనో ఉన్న రకాన్ని మాత్రం నర్సరీవాళ్లు నీడ మొక్కగా అమ్ముతారు. ఎండకు వెరవని పొదకు ఈ సుకుమారం మనుషుల ముచ్చట వల్ల వచ్చింది.

ఆ ముచ్చట జపాన్ చరిత్రలో ‘ఎదో’ యుగం అనే కాలంలో బాగా ముదిరింది. ఆకు మీద ఒక తెల్ల చార, ఒక పసుపు మచ్చ కనిపిస్తే చాలు, ఆ కొమ్మను విడదీసి కుండీలో పెంచేవారు. మిజునో తదతోషి అనే సమురాయ్ ఇలాంటి రంగుటాకుల మొక్కలను బొమ్మలతో సహా ఒక గ్రంథంగా కూర్చి 1829లో అచ్చువేయించాడు. 1860లో జపాన్ చేరిన స్కాట్లండ్ వృక్షాన్వేషకుడు రాబర్ట్ ఫార్చ్యూన్‌కు కూడా అక్కడి తోటల్లో చారల ఆకులే కొట్టొచ్చినట్టు కనిపించాయి. పువ్వు కోసం పిచ్చెక్కిన దేశాలు చాలా ఉన్నాయి. ఆకు కోసం ఇంతగా తపించినవి తక్కువ.

ఇంతకీ ఆ తెలుపు ఏమిటి? చిగురు కొనలో కణాలు పొరలుగా ఉంటాయి. వాటిలో ఒక పొర పత్రహరితం చేసుకునే శక్తి పోగొట్టుకుంటే, దాని నుంచి ఏర్పడే భాగం తెల్లబడుతుంది. ఒకే ఆకులో రెండు రకాల కణజాలం కాపురం చేస్తుందన్నమాట. నడిమి ఆకుపచ్చ వండుతుంది, అంచు కూర్చుని తింటుంది. ఈ పొరల అమరిక గింజలోకి దిగదు. కొమ్మ నాటాలి, లేదా నేలంటు కట్టాలి. కాబట్టి ఇవాళ కుండీలో దొరికే ఏ తెల్లంచు మొక్కయినా ఎవరో ఒకప్పుడు ఏరిపెట్టుకున్న కొమ్మకు కొనసాగింపే. మనిషి చెయ్యి లేకపోతే ఈ వంశం ఎప్పుడో ఆగిపోయేది.

యూరప్‌కు ఈ జాతి సంగతి ముందు కాగితం మీదే చేరింది. నాగసాకి దగ్గర దెజిమా దీవిలో డచ్చి వర్తక కంపెనీ వైద్యుడిగా పనిచేసిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు థున్‌బర్గ్ 1784లో దీన్ని వర్ణించాడు. కాకపోతే వైబర్నమ్ అనే వేరే ప్రజాతిలో పెట్టేశాడు. తర్వాత వెళ్లినవారిలో చార్లెస్ మేరీస్ కథ మనకు కొంచెం దగ్గరిది. ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీ పంపగా జపాన్ వెళ్లి, 1879లో ‘మేరీసియై’ అనే హైడ్రాంజియాను అందించాడు. ఆ తర్వాత మన దేశం వచ్చి దర్భంగా మహారాజు తోటలు, అటుపైన గ్వాలియర్ తోటలు చూసుకున్నాడు. 1902లో చనిపోయాడు. తెల్లంచు రకాన్ని ‘మేరీసియై వేరిగేటా’ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. ‘మాక్యులాటా’, ‘ట్రైకలర్’ అనేవీ ఈ కోవలోవే. వీటి పూగుత్తి బల్లపరుపుగా ఉంటుంది. నడుమ చిన్న పూలు, చుట్టూ అక్కడక్కడ పెద్దవి. నిజం చెప్పాలంటే పూలు అంతంతమాత్రమే. పొదను పెంచేది ఆకు కోసమే.

పెంపకంలో జాగ్రత్తలన్నీ ఆ పనిచేయని అంచు చుట్టూనే తిరుగుతాయి. ఉదయపు ఎండ మేలు చేస్తుంది. మధ్యాహ్నపు ఎండ తగిలితే తెల్లభాగం మాడి గోధుమరంగుకు తిరుగుతుంది. అలాగని చీకటి మూల పనికిరాదు, పూలు రావు. పెద్ద చెట్టు మొదట్లో నాటడం చాలామంది చేసే పని. అక్కడ నీడ దొరుకుతుంది గాని తడిని చెట్టు వేళ్లే లాగేసుకుంటాయి. చల్లటి దేశాల్లో ఉత్తరపు గోడ పక్కన, మాగిన ఆకుల ఎరువు కలిపిన నేల నయం. పొద మొదట్లో ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

పూమొగ్గ కిందటేడు కొమ్మ మీదే తయారవుతుంది. కత్తెర పట్టేదేదో పూలు ముగియగానే పట్టాలి. చలికాలం చివర నరికితే ఆ ఏటి పూలు పోయినట్టే. మంచు మొగ్గలను చంపినా ఆకుల అందం మాత్రం మిగులుతుంది, ఈ రకానికున్న సౌకర్యం అదొకటి. ఆమ్ల నేలలో అల్యూమినియం అందితే పూలు నీలం వైపు, సున్నం ఎక్కువైతే గులాబీ వైపు మొగ్గుతాయి. తెల్లపూలకు ఈ మార్పు లేదు.

అప్పుడప్పుడు పొదలోంచి పూర్తి ఆకుపచ్చ కొమ్మ ఒకటి లేస్తుంది. మిగతావాటికన్నా బలంగా, చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటుంది. దాన్నే ముందు మొదలంటా తీసేయాలి. ఊరుకుంటే కొన్నేళ్లలో పొదంతా అదే అవుతుంది.

మనవాళ్లు ఊటీ, కొడైకెనాల్‌లో చూసి మురిసేవి ఎక్కువగా గుండ్రటి పూగుత్తుల ఆకుపచ్చ రకాలు. తెల్లంచుదాన్ని హైదరాబాద్‌కో విజయవాడకో తెస్తే మే నెలలో నీడ ఒక్కటే దాన్ని కాపాడజాలదు, గాలే సెగ కదా. చలికాలపు కుండీ మొక్క అనుకుని కొనుక్కుంటే మాత్రం బాగానే ఉంటుంది.